ఏకాంబరం మాస్టరు బోణీ

ఆ సోమవారానికి ఏకాంబరం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు మద్రాసు పురసవాక్కంలోని తెలుగు బడికి నడిచి వెళ్ళి, తొమ్మిదింటికి ఒకటో తరగతి గదిలో నల్లబల్ల మీద 'అ' రాయాలి. అంతే. నలభై ఏడేళ్ళ వయసులో మనిషి ఇంతకంటే పెద్ద కోరిక కోరితే దేవుడు నవ్వుతాడంటారు. ఇంత చిన్నది కోరినా నవ్వుతాడని ఆయనకు అప్పటికి తెలియదు.

అంతకు ముందు ఇరవై మూడేళ్ళు ఆయన టి. నగర్‌లో ఒక పెద్ద చీరల కొట్టులో పట్టు సెక్షను సేల్స్‌మన్. రోజుకు రెండు వందల చీరలు విప్పడం, నూట తొంభై మళ్ళీ మడత పెట్టడం. సాయంత్రం చూసుకుంటే పొద్దున ఎలా ఉన్న బీరువా అలాగే ఉండేది. అక్షరమైతే ఒకసారి నేర్పితే మళ్ళీ మడత పెట్టే పని ఉండదు కదా అని ఒక రోజు ఆయనకు తోచింది. తోచిందే తడవుగా నలభయ్యో ఏట పుస్తకం పట్టాడు. బస్సులో వ్యాకరణం, ఆదివారాలు ఛందస్సు. ఏడేళ్ళు పట్టింది. విద్వాన్ పరీక్ష, పండిత శిక్షణ రెండూ గట్టెక్కాయి. కొట్టులో తోటివాళ్ళు 'ముసలోడికి దసరా పండగ' అని నవ్వారు. ఆయన రాజీనామా ఇచ్చిన మర్నాడే ఆ చోట ఇంకొకణ్ణి నిలబెట్టారు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"ఆ బడి నిలిచేదే సందేహంగా ఉండాదంట గదండీ?" అంది రాజలక్ష్మి, భర్త పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేస్తూ.

"పదిహేనుమంది చేరితే తెలుగు క్లాసు ఉంటాది. క్లాసు ఉంటే నా పోస్టు ఉంటాది. పదకొండుమంది వచ్చేసినారు. నలుగురే గదా, శుక్రవారం దాకా టయిముండాది."

"ఆ నలుగురు రాకపోతే?"

"వస్తారు. ఈ ఊళ్ళో తెలుగోళ్ళకు కరువా?"

కరువు తెలుగువాళ్ళకు కాదు, తెలుగు చదివేవాళ్ళకు. వాళ్ళ కూతురు ప్రణతి బి.కాం. పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, స్నేహితురాళ్ళతో తమిళం, చదివింది ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు చూస్తే జాంగ్రీల్లా ఉన్నాయని ముచ్చట పడుతుంది కానీ ఒక్కటీ చదవలేదు. తండ్రి తెల్ల చొక్కా చూసి, "సూపరప్పా! నిజంగానే వాద్యార్ మాదిరి ఉండావు!" అంది. పంతులనే ఆ తమిళ మాటకు ఏకాంబరం కళ్ళు చెమర్చాయి. ఆయన అంత సులభంగా పొంగిపోయే మనిషి.

ఊరికి చెన్నై అని పేరు పెట్టి ఏడాది కాలేదు గనుక బడి బోర్డు మీద ఇంకా మద్రాసు అనే ఉంది. గేటు దాటగానే హెడ్మిస్ట్రెస్ కమలాంబ ఎదురైంది. "సార్, గుమాస్తా ఈ దినం లీవు. ఒక అరగంట అడ్మిషన్ల టేబులు కాడ కూర్చోండి. ఎవురూ రారులే, అయినా మనిషి ఉండాల గదా" అంది. ఎవరూ రారని ఆమెకు అంత నమ్మకం. ఏకాంబరం కూర్చున్నాడు.

ఎవరూ రాని బడికి అయిదు నిమిషాల్లో హేమమాలిని అనే ఆవిడ అయిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఏకాంబరం లేచి రెండు చేతులూ జోడించాడు.

"రండమ్మా, రండి, కూర్చోండి. మంచి టయానికి వచ్చినారు. ఈ దినం బోణీ మీదే."

ఆవిడ కూర్చోకుండానే అడిగింది. "ఇంగ్లీషు మీడియం ఉండాదా సార్?"

ఇక్కడ చీరల కొట్టు సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ చేరినవాడికి నేర్పే మొదటి పాఠం, నోట 'లేదు' అనే మాట రాకూడదని. గిరాకీ నెమలికంఠం రంగు అడిగితే, లేకపోయినా ఉందని కూర్చోబెట్టి, ఆకుపచ్చ విప్పి, ఆపైన నీలం విప్పి, మెల్లగా దారికి తేవాలి. అందులోనూ బోణీ బేరం. బోణీకి వచ్చిన మనిషి ఉత్తచేతులతో మెట్లు దిగితే ఆ రోజు మొదలాళికి, అంటే కొట్టు యజమానికి, అన్నం సయించేది కాదు. సేల్స్‌మన్‌కు ఎలాగూ సయించనిచ్చేవాడు కాదు. ఇరవై మూడేళ్ళ అలవాటు ఏడేళ్ళ ఛందస్సుతో పోతుందా? చింత చచ్చినా పులుపు చావదు.

"ఉండాదమ్మా, కూర్చోండి" అంది ఏకాంబరం నాలుక. ఆయన బుర్ర ఆ తరువాత వచ్చి చేరింది.

"బస్సు?"

"వస్తా ఉండాదమ్మా."

"కంప్యూటరు నేర్పిస్తారా?"

"వచ్చే వారం దిగుతాది. కొత్త సరుకు."

"టై, బెల్టు?"

"అవి లేకుండా ఎట్లమ్మా!"

చేతులు కూడా నాలుకతో కలిశాయి. ఒకటో తరగతి తెలుగు వాచకం తీసి ఆవిడ ముందు పరిచాడు. మొహం చూసి నచ్చలేదని గ్రహించి, బీరువాలో మూలన పడివున్న ఇంగ్లీషు పాటల పుస్తకం తీసి దాని మీద పరిచాడు. ఆపైన లెక్కలది, బొమ్మలది. నిమిషంలో బల్లంతా పుస్తకాలే. "ఈ అట్ట చూడండమ్మా, మూడేండ్లయినా కలరు పోదు" అని కూడా అన్నాడు. ఆవిడ ముచ్చటపడి దరఖాస్తు మీద సంతకం పెట్టింది. 'మీడియం' అన్న గడి దగ్గర ఏకాంబరం కలం ఆగింది. ఆగి, ఆ గడిని ఖాళీగా వదిలేసి ముందుకు పోయింది. తెలుగు క్లాసు రిజిస్టరులో పన్నెండో పేరు పడింది.

తప్పు చేశానని ఆయనకు తెలుసు. రెండు రోజులాగి పిల్లవాడు బడికి అలవాటయ్యాక తల్లికి నచ్చజెప్పవచ్చులే అనుకున్నాడు. నెమలికంఠం అడిగినవాళ్ళు నీలం కొనుక్కుని సంతోషంగా వెళ్ళిపోలేదా! తొమ్మిదిన్నరకు క్లాసుకు వెళ్ళి 'అ' రాశాడు. పన్నెండు గొంతులు ఒక్కసారి 'అ' అన్నాయి. ఆయన నల్లబల్ల వైపు తిరిగి అదే అక్షరాన్ని ఇంకోసారి దిద్దాడు. తన బతుకులో ఇంత హాయైన రోజు లేదు.

కానీ హేమమాలిని ఉండే వీధి చాలా పొడుగు వీధి, ఆవిడ నోరు ఆ వీధికంటే పొడుగు. మంగళవారం పొద్దున నలుగురు తల్లులు వచ్చారు. గుమాస్తా ఇంకా లీవే. "ఈడ ఇంగ్లీషు మీడియం పెట్టినారంట గదా?" అని వాళ్ళు అడిగినప్పుడు ఏకాంబరం నాలుక ఒక్క క్షణం ఆగింది. కాదంటే ఈ నలుగురూ పోతారు, వీళ్ళతోపాటు నిన్నటి హేమమాలినీ పోతుంది, ఆపైన క్లాసూ పోతుంది. నిన్న అలవాటు చేసిన తప్పును ఈరోజు అవసరం చేసింది. ఉందన్నాడు. నాలుగు గడులు ఖాళీగా వదిలాడు. రిజిస్టరులో పదహారు. సాయంత్రం మూర మల్లెపూలు కొనుక్కుని ఇంటికి వెళ్ళి, "నిలిచింది రాజీ, క్లాసు నిలిచింది!" అన్నాడు. రాజలక్ష్మి కూడా నమ్మింది, పాపం.

బుధవారం గేటు దగ్గర ముప్ఫైమంది ఉన్నారు. అందరికంటే ముందు హేమమాలిని, కొడుక్కి అప్పుడే ఎర్ర టై కట్టించి, తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, ఇంగ్లీషు మీడియం రూము ఏది? వీణ్ణి రెండు దినాలుగా తెలుగు క్లాసులో కూర్చోబెడతా ఉండారు."

కమలాంబ అదిరిపడింది. కానీ బయట పడనివ్వలేదు. ఆమెకూ బడి నడిపే కరస్పాండెంటు దేవరాజులు నాయుడికీ చాలాకాలంగా ఒక తంటా ఉంది. ఇనుప సామాన్ల టోకు వ్యాపారి అయిన నాయుడు బడిలో ఏం చేసినా ఆమెకు ముందుగా చెప్పడు. కిందటేడు ప్రహరీ పడగొట్టిస్తే, గోడ పడిన చప్పుడు విని ఆమె తెలుసుకుంది. ఇదీ అలాంటిదే అనుకుంది. తనకు తెలియదని ఒక తల్లి ముందు ఒప్పుకోవడం కంటే గోదాట్లో దూకడం నయం.

"ఆ, తెలుసమ్మా. రూము రెడీ అవతా ఉండాది" అంది నిబ్బరంగా. అని ప్యూన్ మోసెస్‌ను పిలిచింది. "ఒకటో తరగతి గది ఖాళీ చేయించు. ఇంగ్లీషు మీడియానికి అదే మంచి రూము. తెలుగు పిల్లోళ్ళను వరండాలో, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చోబెట్టు."

పదకొండింటికి నాయుడి కారు వచ్చింది. గేటు దగ్గర జనాన్ని చూశాడు. బడిలో ఏదో అయ్యిందని, జనం కొట్టడానికి వచ్చారని అనుకున్నాడు. కారు దిగకుండా అద్దం సగం దించి మోసెస్‌ను అడిగాడు.

"ఏందిరా ఈ కుంపు?"

"ఇంగ్లీషు మీడియానికి అయ్యా. అమ్మగారు రూము గూడా ఖాళీ చేయించేసినారు."

నాయుడు ఊపిరి పీల్చుకుని ఆలోచించాడు. కమలాంబ ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి, తుమ్మాలన్నా విద్యాశాఖ ఉత్తర్వు కావాలనే మనిషి. ఆమె గది ఖాళీ చేయించిందంటే ఆఫీసు నుంచి కాగితం వచ్చే ఉంటుంది. ఆ కాగితం తాను చూడలేదంటే కరస్పాండెంటుకు గౌరవమేముంది? లోపలికి వెళ్ళి చాలా తెలిసినవాడిలా కూర్చున్నాడు.

"ఏం టీచరమ్మా, అంతా సరిగ్గా జరగతా ఉండాదా?"

"మీరు అనుకున్నట్టే సార్."

"మంచిది, మంచిది. బోర్డు గూడా రాయించేస్తే ఒక పని అయిపోతాది."

"సరి సార్."

ఇద్దరూ ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. ఒక్క ప్రశ్న ఎవరు అడిగినా కథ అక్కడే ఆగేది. పెద్దవాళ్ళు ప్రశ్నలడగరు, అది పిల్లల పని. ఏకాంబరం మాత్రం గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఒక మాట చెప్పాల" అన్నాడు. కమలాంబ చూడనైనా చూడలేదు. "తరువాత సార్, క్లాసుకు పోండి." నాయుడి దగ్గరకు వెళ్ళి, "అయ్యా, ఇది నా వల్ల..." అన్నాడు. "నీ కష్టం తెలుసునయ్యా, పో, పో" అన్నాడు నాయుడు. నిజం చెప్పడానికి కూడా మనిషికి ఒక హోదా ఉండాలి.

బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరు లేదు, బస్సు లేదు, కంప్యూటరు పెట్టడానికి కరెంటు ప్లగ్గు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా గురువారానికల్లా ఇంగ్లీషు బోర్డు వేలాడింది, రిజిస్టరు కొత్తది తెరిచారు, అందులో యాభై పేర్లు పడ్డాయి. తన అయిదుగురినీ అందులోకి మార్చినప్పుడు ఏకాంబరం పెద్దగా బాధపడలేదు. వాళ్ళు ఎలాగూ తనవాళ్ళు కారు. పదకొండుమంది ఉన్నారు, ఇంకా ఒక రోజుంది.

వరండాలో నీళ్ళ ట్యాంకు పక్కన గోడమీదే సుద్దతో 'ఉ' రాశాడు. ట్యాంకు పొంగి నీళ్ళు చాపల కిందికి వచ్చాయి. లోపలి గదిలో టై కట్టుకున్న పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు గనుక వాళ్ళు గట్టిగా అరుస్తూ ఆడుకుంటున్నారు. తెలుగు పిల్లలు పదకొండుమందీ 'ఉ' వదిలేసి కిటికీ వైపు చూశారు. వాళ్ళను ఎలా తప్పుపట్టగలడు?

మధ్యాహ్నానికి వాళ్ళ అమ్మానాన్నలు మొదలయ్యారు. "అదే బళ్ళో ఇంగ్లీషు ఉంటే మావోడు మాత్రం తెలుగులో ఎందుకు సార్?" అని ఒకరు. "మీరే గదా సార్, ఇంగ్లీషు బాగా చెప్తారని అందరికీ చెప్పినారంట!" అని ఇంకొకరు. ఒకడు ఏకాంబరం చెయ్యి పట్టుకుని, "మనోళ్ళకు ముందు చెప్పకపోతిరే" అని నిష్ఠూరమాడాడు. ఏకాంబరం తన చేత్తోనే బదిలీ దరఖాస్తులు రాసి ఇచ్చాడు. గురువారం సాయంత్రానికి ఆరుగురు, శుక్రవారం పదింటికి నలుగురు వెళ్ళిపోయారు. పదకొండుగంటలకు ఇంద్రజ అనే పిల్ల ఒక్కతే తడిచాప మీద కూర్చుని ఉంది.

ఇంద్రజ మీద ఆయనకు ధైర్యం ఉంది. ఆ పిల్ల అవ్వ అలివేలు, మనవరాలికి తెలుగే నేర్పాలని పట్టుబట్టి అందరికంటే ముందు చేర్చిన మనిషి. ఆ అలివేలే కర్ర ఊతంతో వచ్చింది.

"అయ్యోరా, తప్పనుకోవద్దు. మా ఇంద్రజను గూడా ఆ రూములోకి మార్చు సామీ."

"నువ్వే గదమ్మా, తెలుగే కావాలని అన్నావు?"

"అన్నాను నాయనా. నీళ్ళ ట్యాంకు కాడ కూర్చోబెట్టే సదువని నాకేం తెలుసు?"

 ఇరవై మూడేళ్ళలో గిరాకీకి జవాబు చెప్పలేకపోవడం అదే మొదటిసారి. పదకొండో దరఖాస్తు కూడా గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. ఆవిడ వేలిముద్ర వేసింది. ఇంద్రజ పలక తీసుకుని లోపలికి పరిగెత్తింది. ఏకాంబరం ఖాళీ చాప ముందు నిలబడి ఏడ్చాడు. చాటుమాటుగా కాదు, నిజంగానే ఏడ్చాడు. మోసెస్ చూసి, చూడనట్టు ట్యాంకు మూత సర్దాడు.

మూడింటికి నాయుడు పిలిపించాడు. తెలుగు క్లాసు జాబితా ముందు పెట్టుకుని ఉన్నాడు. అందులో పేరొక్కటీ లేదు. కమలాంబ పక్కన నిలబడి ఉంది. ఉద్యోగం ఎలాగూ పోయింది, కనీసం నిజమైనా దక్కనీ అనుకుని ఏకాంబరం మొత్తం చెప్పేశాడు. బోణీ సంగతి, ఖాళీ గడుల సంగతి, అన్నీ.

 నాయుడు కమలాంబను చూశాడు. కమలాంబ నాయుణ్ణి చూసింది.

"అంటే, మీకు డిపార్టుమెంటు కాగితం రాలేదా?" అన్నాడు ఆయన.

"మీరు చెప్పలేదా సార్?" అంది ఆమె.

"ఎంతమంది చేరినారు?"

"ఎనభై మూడు సార్."

నాయుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఏకాంబరం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లు వస్తాయని ఆయన ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇరవై ఏండ్లుగా నేనూ, ఈ అమ్మా ఇల్లిల్లూ తిరిగి, గడ్డం పట్టుకుని బతిమాలితే పదకొండుమంది. నువ్వు కుర్చీలో కూర్చోని అయిదు దినాల్లో ఎనభై మూడా!" అన్నాడు నాయుడు. ఆయన గొంతులో కోపం లేదు, భక్తి ఉంది. "పర్మిషన్ నేను తెప్పించుకుంటాలే. నీకు పాఠాలు చెప్పే పని ఎందుకయ్యా? అది ఎవురన్నా చెప్తారు. నువ్వు గేటు కాడ రూములో కూర్చో. వచ్చినోళ్ళను పోనియ్యొద్దు, అంతే. అడ్మిషన్ ఆఫీసరు. పిలిచేది మాత్రం మాస్టరనే పిలుస్తాం."

"అయ్యా, నేను ఏడేండ్లు చదివింది..."

"చదువు ఎక్కడికీ పోదులే. ఔను గానీ, నీ కూతురు ఇంగ్లీషులో చదివిందంట గదా? ఖాళీగా ఉంటే సోమవారం నుంచి పంపించు. ఒకటో తరగతికి ఇప్పుడు మనిషి కావాల."

ఇంటికి వెళ్ళి చెబితే రాజలక్ష్మి దేవుడి ముందు దీపం పెట్టింది. ఒక ఉద్యోగం పోతుందనుకుంటే రెండు వచ్చాయి. ఆ ఆనందం ఆమెది నిజమైన ఆనందం, దాన్ని చెడగొట్టే హక్కు తనకు లేదనుకుని ఏకాంబరం కాఫీ తాగాడు. ప్రణతి మాత్రం భయపడింది. "అప్పా, నాకు ట్రైనింగ్ లేదే! ఎట్ల చెప్పాల?" అంది. ఏకాంబరం ఏడేళ్ళు చదివిన బోధన పద్ధతుల నోట్సు తీసి ఇచ్చాడు. అది తెలుగులో ఉంది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది. అప్పుడాయన దగ్గర కూర్చోబెట్టుకుని, పిల్లల చేత పలక ఎలా పట్టించాలో, ఏడ్చేవాణ్ణి ఎలా ఊరుకోబెట్టాలో నోటితో చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని ఇంగ్లీషులో రాసుకుంది.

సెప్టెంబరు అయిదున ఉపాధ్యాయ దినోత్సవం జరిగింది. అప్పటికి ఇంగ్లీషు మీడియం పిల్లలు నూట ఇరవై అయ్యారు. బస్సు మాత్రం ఇంకా వస్తూనే ఉంది. వేదిక మీద నాయుడు మైకు పట్టుకుని, ఈ బడి చరిత్రలో ఇలాంటి గురువు పుట్టలేదని, ఈ ఏటి ఉత్తమ ఉపాధ్యాయుడు ఏకాంబరం మాస్టరేనని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆపైన ఒక్కో టీచరునూ పిలిచారు. ఒక్కో క్లాసు పిల్లలు వరసగా వచ్చి వాళ్ళ టీచరుకు గులాబీలు ఇచ్చారు. ఏకాంబరానికి క్లాసు లేదు గనుక కమలాంబ సైగ చేస్తే మోసెస్ ఒక పువ్వు తెచ్చి ఇచ్చాడు.

ప్రణతికి మాత్రం నూటికి పైగా వచ్చాయి. ఇంద్రజ రెండిచ్చింది. చేతులు చాలక, చీర కుచ్చిళ్ళు జారుతుంటే ప్రణతి కంగారుగా తండ్రి వైపు తిరిగి, "అప్పా, కొంచెం పట్టుకోప్పా" అని పువ్వులన్నీ ఆయన చేతుల్లో కుమ్మరించి లోపలికి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు, "సార్, ఇట్ల చూడండి, కొంచెం నవ్వండి" అన్నాడు.

బడి సంచికలో పడిన ఆ ఫోటో చూసినవాళ్ళు ఎవరైనా ఏకాంబరం మాస్టరుది చాలా పెద్ద క్లాసనే అనుకుంటారు.